కూర్చున్న బాయిలర్‌కే నీళ్ళెక్కువ

న్యూయార్క్ పాత అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్లలో రెండు మూడు ఆవిరి బాయిలర్లని ఒకే హెడర్‌కి (అన్నిటి ఆవిరీ చేరే పెద్ద పైపుకి) కలిపి ఉంచుతారు. ఒకటి మండుతూ చాకిరీ చేస్తుంది, పక్కది ఆరిపోయి చల్లగా కూర్చుంటుంది. చాకిరీ చేసేదాని ఆవిరి హెడర్ గుండా వచ్చి, కూర్చున్నదాంట్లో చల్లబడి నీరవుతుంది. ఏ పనీ చేయనిదే నిండుతుంది! చలి పెరిగి దాన్ని వెలిగించారా, ఆ నీళ్ళన్నీ ఆవిరితో పాటు పైపుల్లోకి ఎగదన్ని, అర్ధరాత్రి రేడియేటర్ల దగ్గర సుత్తితో బాదినట్టు మోత.

ఆ ఎక్కువ నీటిని ఫీడ్ ట్యాంకుకి (పంపుతో బాయిలర్లకి నీరందించే ట్యాంకుకి) పంపడానికే ఓవర్‌ఫ్లో ట్రాప్. మామూలు నీటిమట్టానికి కాస్త పైన బిగిస్తారు. లోపల బంతి ఉంటుంది: నీరొస్తే తేలి దారిస్తుంది, లేకపోతే మూసేస్తుంది.

దీన్ని కొనడానికి బిల్డింగ్ బోర్డుల (భవనాన్ని చూసుకునే కమిటీల) దగ్గర తిరుగులేని సూత్రముంది: పైపు ఎంతో, ట్రాప్ అంత. కేటలాగ్‌లో 15 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర ఎంత నీరు వదులుతుందో వేసిన అంకె చూసి మురిసిపోతారు. ఈ బాయిలర్లు నడిచేది మహా అయితే రెండు మూడు పీఎస్‌ఐ మీద. వాల్వు మూసి ఆర్పేసిన బాయిలర్‌లో నీటిని తోయడానికి ఆ ఒత్తిడీ ఉండదు. నీరు తన బరువుతో తనే దిగాలి. ట్యాంకేమో ట్రాప్ కంటే ఎత్తులో! నీరు మర్యాదస్తురాలు, అడిగితే పైకెక్కుతుందని బోర్డు నమ్మకం కాబోలు.

చవగ్గా వచ్చిందని బకెట్ ట్రాప్ (బంతి బదులు బోర్లించిన చిన్న బకెట్ ఉండేది) బిగించిన మేధావులూ ఉన్నారు. దాంట్లో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉండాలి. ఇక్కడ వారాల తరబడి చుక్క రాదు. ఉన్న నీరు ఆరగానే ఆవిరిని సరాసరి ట్యాంకులోకి వదిలేస్తుంది.

ఇక మెయింటెనెన్స్. బురద పట్టి బంతి కిందే ఇరుక్కుని దారి మూసుకుంటే ట్రాప్ దగ్గర చప్పుడుండదు, కాబట్టి ఆ ట్రాప్‌కి మంచి పేరు. తెరుచుకుని ఇరుక్కుంటే ట్యాంకు మీద ఆవిరి పొగలు. చూసినవాళ్ళు "సిస్టమ్ భలే నడుస్తోంది" అంటారు. ట్యాంకులో నీరు మరిగి పంపు మొరాయిస్తే, మూత విప్పి ట్రాప్ చూడమన్న మెకానిక్‌ది చాదస్తమని తేల్చి పంపు మార్చారు. కొత్త పంపూ వారానికే మొరాయించింది. ఇప్పుడు ట్యాంకు మార్చడానికి కొటేషన్లు పిలిచారు.