45 మ్యాచ్‌ల లెక్కతో విల్లీ ఓ'రీని కొలవకండి

విల్లీ ఓ'రీ పేరెత్తగానే అందరూ చెప్పే మాట ఒకటే: ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. నిజమే. 1958 జనవరి 18న మాంట్రియల్‌లో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు తరఫున ఆయన మంచు మీద అడుగుపెట్టారు. ఆ రోజు గొప్పతనాన్ని తగ్గించాలని నాకు లేదు. నా కోపమంతా ఆ వెంటనే వచ్చే మాట మీద. "ఆడింది 45 మ్యాచ్‌లే కదా, కొట్టింది నాలుగు గోల్సే కదా" అంటారు. ఆ ఆటగాడికి కుడికన్ను కనిపించేది కాదని తెలిసే అంటున్నారా?

జూనియర్ స్థాయిలో ఆడుతున్నప్పుడు, 1955-56 సీజన్‌లో, పక్ వచ్చి ముఖానికి తగిలింది. గట్టి రబ్బరు బిళ్ళ అది. ఆ కంట్లో చూపు దాదాపు 95 శాతం పోయింది. ఇక హాకీ మరిచిపొమ్మన్నారు డాక్టరు. కొన్ని వారాలకే ఆయన మళ్ళీ స్కేట్లు కట్టుకున్నారు. ఒక కన్ను పోయినవారిని ఎన్‌హెచ్‌ఎల్ నిబంధనలు ఆడనివ్వవు కాబట్టి, ఆ సంగతి జట్టుకు చెప్పకుండా గుట్టుగా దాచుకున్నారు.

ఆయన ఆడింది లెఫ్ట్ వింగ్‌లో. అంటే మంచు మైదానం ఎడమ అంచున. సహచరులు అందించే పక్ చాలావరకు కుడివైపు నుంచే వస్తుంది. మీద పడి గుద్దడానికి వచ్చే ప్రత్యర్థీ అటునుంచే వస్తాడు. ఆయనకు చూపు లేనిదీ అటువైపే. పక్ కోసం ప్రతిసారీ మెడ పూర్తిగా కుడికి తిప్పి, ఎడమకంటితో వెతుక్కోవాలి. అదీ ఆటగాళ్ళు హెల్మెట్ పెట్టుకోని రోజుల్లో. దానికి తోడు గ్యాలరీల నుంచి రంగును తిడుతూ కేకలు. షికాగోలో ఒక ప్రత్యర్థి కర్ర చివరతో మూతి మీద పొడిచి ఆయన పళ్ళు ఊడగొట్టాడు. అలాంటి పరిస్థితుల్లో 1961 జనవరి 1న మాంట్రియల్ మీద ఆయన మొదటి గోల్ కొట్టారు. ఆ నాలుగు గోల్సూ నాకు చాలా పెద్ద సంఖ్య.

అప్పుడు లీగ్ మొత్తానికి ఆరే జట్లు. బోస్టన్ ఆయనను మాంట్రియల్‌కు ఇచ్చేసింది. అంతకుముందే వరుసగా ఐదుసార్లు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన జట్టు అది, అందులో చోటు దొరకడం మాటలు కాదు. చివరికి ఆయన అమెరికా పడమటి తీరానికి, ఎన్‌హెచ్‌ఎల్ కంటే కింది స్థాయి లీగ్‌లో ఆడే లాస్ ఏంజెలెస్ బ్లేడ్స్ జట్టుకు చేరారు.

అసలు కథ అక్కడే మొదలైందని నేను నమ్ముతాను. అక్కడి కోచ్ ఆయనను రైట్ వింగ్‌కు మార్చారు. ఇప్పుడు ఆటంతా ఎడమవైపు, చూపున్న కంటి ఎదుట. 1964-65లో 38 గోల్స్! తరువాత శాన్ డియేగో గల్స్ తరఫునా అదే జోరు. 43వ ఏట, 1979లో గాని ఆట మానలేదు. ఈ ఏళ్ళన్నీ ఎవరూ లెక్కలోకి తీసుకోరేం?

మన దగ్గర మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ ఉన్నారు. 1961లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో ఆయనకూ కుడికంటి చూపే పోయింది. మరుసటి ఏడాదికే భారత కెప్టెన్ అయ్యారు, తరువాత రంజీలో మన హైదరాబాద్‌కు ఆడారు. ఆయన బ్యాటింగ్ సగటు గురించి మాట్లాడేవారెవరూ ఆ కంటిని మరిచిపోరు. ఓ'రీకి ఆ పాటి న్యాయమైనా జరగవద్దా?

ఇంకో సంగతి. ఓ'రీ తరువాత ఎన్‌హెచ్‌ఎల్‌లో మరో నల్లజాతి ఆటగాడు కనిపించింది 1974లో, మైక్ మార్సన్. మధ్యలో పదమూడేళ్ళు. 45 అనే అంకెతో విమర్శించాలనుకుంటే ఆ పదమూడేళ్ళకు లీగ్‌ను విమర్శించండి.

2018లో ఆయనను హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆటగాడిగా కాదు, ఆట ఎదుగుదలకు పాటుపడినవారి విభాగంలో. 1998 నుంచి ఊరూరా తిరిగి పిల్లలను హాకీలోకి తెచ్చిన మనిషికి ఆ గౌరవం ముమ్మాటికీ తగినదే. 2022 జనవరి 18న, మొదటి మ్యాచ్‌కు సరిగ్గా 64 ఏళ్ళకు, ఆ నంబరు ఇక ఎవరికీ ఇవ్వరన్న గౌరవానికి గుర్తుగా, బోస్టన్ ఆయన 22వ నంబరు జెర్సీని పైకెత్తింది. కొవిడ్ వల్ల 86 ఏళ్ళ ఓ'రీ దాన్ని శాన్ డియేగో నుంచే తెర మీద చూశారు. ఏళ్ళ తరబడి ఆయన ఆటను కళ్ళారా చూసిన ఊరు అది. అక్కడ ఆయన 20వ నంబరును 2015లోనే పైకెత్తారు.