కారం లేదని ఒక్క స్టారా?

విజయవాడ పటమటలో ఒక సందులో గ్రీకు వంటకాలు పార్సిల్ కట్టిచ్చే చిన్న కొట్టు ఉంది. చికాగో దగ్గర చాలా ఏళ్ళు ఉండి, అమ్మానాన్నల కోసం ఇక్కడికి వచ్చేసినవాణ్ణి కాబట్టి, ఆ కొట్టు కనపడగానే నాకెంత సంతోషమేసిందో ఈ పత్రిక చదివేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఈమధ్య దానికి జనం ఇచ్చిన రేటింగులు, రాసిన అభిప్రాయాలు కూర్చుని చదివాను. చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. తప్పే కాని వాటికి, కొట్టువాళ్ళ చేతిలో లేని వాటికి స్టార్లు కోసేస్తున్నారు, వాళ్ళు నిజంగా చేస్తున్న పొరపాట్ల గురించి మాత్రం ఎవరూ నోరు విప్పట్లేదు. రాసేవాళ్ళలో సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మనవాళ్ళు కూడా బాగానే ఉన్నారు, అందుకే ఈ మాట మన పత్రికలోనే చెప్పాలనిపించింది. కొట్టు పేరు మాత్రం రాయను.

ముందు కారం సంగతి. అక్కడున్న వాటిలో ఎక్కువ భాగం ఇదే గోల. చప్పగా ఉంది, పథ్యం తిండిలా ఉంది, గుంటూరు నుంచి పని మీద వచ్చి తింటే నాలుక్కి ఏమీ తగల్లేదు అని. గుంటూరు మిర్చి యార్డు పక్కన పుట్టిన నాలుకకు కారం కావాలనిపించడంలో తప్పేం లేదు, నాకూ కావాలి. కానీ గ్రీకు వంటలో రుచి వచ్చేది నిమ్మరసం, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఒరెగానో, ఉప్పు నుంచి. మాంసాన్ని వాటిలో నానబెట్టి కాలుస్తారు, అంతే. నిమ్మరసం తగ్గిందనో, ముక్క లోపలిదాకా ఉప్పు పట్టలేదనో రాస్తే అది విమర్శ. కారం లేదని రాయడం ఆ వంట ఆ వంటలాగే ఉందని చెప్పడమే కదా, దానికి ఒక్క స్టార్ ఎలా ఇస్తాం?

దీని ఫలితం కొట్లో కనపడుతోంది. మొదట్లో గైరోలో, అంటే కాల్చిన మాంసాన్ని పిటా అనే రొట్టెలో చుట్టిచ్చే దాంట్లో, వేసే సాస్ జజీకీ ఒక్కటే ఉండేది. నీళ్ళు ఓడ్చిన గట్టి పెరుగులో కీరా తురిమి, ఆ తురుమును కూడా గట్టిగా పిండి, వెల్లుల్లి నూరి కలిపి, కాస్త ఆలివ్ నూనె, వెనిగరో నిమ్మరసమో వేసి చేస్తారు. మన కీరా పెరుగు పచ్చడికి పోపు లేకుండా ఉంటే ఎలా ఉంటుందో అంత దగ్గరగా ఉంటుంది, తెలుగువాళ్ళు దీన్ని చూసి మొహం తిప్పుకోవాల్సిన పనే లేదు. అయినా "చల్లటి పెరుగు పోశారు, మయోనీస్ లేదు" అని రాసీ రాసీ ఇప్పుడు కౌంటర్ మీద మయోనీస్ డబ్బా, ఎర్ర చిల్లీ సాస్ సీసా వచ్చి కూర్చున్నాయి. మొన్న నేనుండగానే ఒకాయన "తమ్ముడూ, ఆ పెరుగు వద్దు, మయోనీస్ ఎక్కువెయ్, పైన కారం చల్లు" అన్నాడు. ఆ అబ్బాయి మారు మాట్లాడకుండా చేసిచ్చాడు. ఇంకో ఏడాదికి అది బెంజ్ సర్కిల్ చుట్టూ ఉన్న షవర్మా బండ్లలో ఇంకో బండి అవుతుంది. ఆ రుచి కావాలంటే ఆ బండ్లు ఉండనే ఉన్నాయి, తక్కువ రేటుకే దొరుకుతుంది.

మయోనీస్ విషయం రుచితో ఆగిపోయేది కూడా కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో పచ్చి గుడ్లతో చేసే మయోనీస్‌ను ఏడాది పాటు నిషేధించింది. కేరళ అంతకుముందే, 2023లో ఆ పని చేసింది. 2022 మేలో కాసరగోడ్ జిల్లాలో షవర్మా తిన్న ఒక విద్యార్థిని చనిపోయింది, ఇంకా చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. మే నెలలో విజయవాడ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం, పచ్చిగుడ్డు సాస్ కౌంటర్ మీద ఎండపొడన ఉంచమని స్టార్లు కోసి మరీ అడుగుతున్నామంటే ఏమనాలి? పెరుగు సాస్ అయితే పాడవదని నేననట్లేదు, దాన్నీ ఫ్రిజ్‌లోనే ఉంచాలి. అందులో పచ్చిగుడ్డు భయం మాత్రం ఉండదు.

ఇక మన ఎన్నారైల మాటలు. "మా చికాగోలో తిన్న గైరో ఇలా ఉండదు, ఇది అసలుది కాదు" అని రాసినవాళ్ళకు నేను గౌరవంగానే ఒక సంగతి చెప్పాలి. మనం అమెరికాలో ఎక్కువగా తినే గైరో, అంటే గొడ్డుమాంసం, గొర్రెమాంసం కలిపి కీమా చేసి గట్టిగా అదిమి కోన్‌లా చేసినది, 1970ల్లో చికాగో ఫ్యాక్టరీల నుంచి దేశమంతా పాకినది. గ్రీసులో ఎక్కువగా పంది మాంసం, ఆ తర్వాత కోడి. కీమాతో పనిలేదు, పల్చటి ముక్కలు ఒకదాని మీద ఒకటి చువ్వకు గుచ్చి, నిలువుగా తిప్పుతూ కాలుస్తారు, కాలిన పైపొరను కత్తితో కోస్తారు. అసలు ఈ నిలువు చువ్వ పద్ధతే ఒట్టోమన్ కాలపు డోనర్ కబాబ్ నుంచి వచ్చింది, 1922 తర్వాత ఆసియా మైనర్ నుంచి, అంటే ఇప్పటి టర్కీ నుంచి, గ్రీసుకు వచ్చిన కాందిశీకులతో బాగా వ్యాపించింది. పటమట కొట్లో కోడి ముక్కలు పేర్చి కాలుస్తున్నారు. పద్ధతి చూస్తే అది మనం అక్కడ తిన్నదానికన్నా గ్రీసుకే దగ్గర.

అలాగే "రొట్టెలో ఫ్రెంచ్ ఫ్రైస్ కుక్కి మాంసం తగ్గించేశారు" అని ఒకరు. గ్రీసులో గైరో చుట్టేటప్పుడు ఫ్రైస్ లోపలే పెడతారు, అది వాళ్ళ అలవాటు. "గ్రీక్ సలాడ్ అంటారు, లెట్యూస్ ఆకే లేదు" అని ఇంకొకరు. వాళ్ళ ఊరి సలాడ్‌లో లెట్యూస్ ఉండదు. టమాటా, కీరా, ఉల్లిపాయ, ఆలివ్‌లు, కాప్సికం, పైన ఫెటా చీజ్ ముక్క, ఆలివ్ నూనె, అంతే. పిటా రొట్టె "పొర విడట్లేదు, సంచీలా లేదు" అన్నదీ అలాంటిదే, గ్రీకు పిటా మందంగా, పొర లేకుండానే ఉంటుంది. ఇవన్నీ అమెరికాలో ఉండొచ్చామన్న ధీమాతో రాసిన మాటలు. చదివేవాడు ఏమనుకుంటాడు? అమెరికాలో తిన్నాయన చెప్తున్నాడు కదా, ఈ కొట్టువాడు మోసం చేస్తున్నాడు అనుకుంటాడు. మన మాటకు ఇక్కడ అంత బరువు ఉంది కాబట్టే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి.

ఆ బరువుకు లెక్క కూడా ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఉండగా మైకేల్ లూకా అనే ఆర్థికవేత్త, అమెరికాలో హోటళ్ళకు జనం స్టార్లు ఇచ్చే యెల్ప్ అనే వెబ్‌సైట్ రేటింగుల మీద 2011లో ఒక అధ్యయనం చేశాడు. రేటింగులో ఒక్క స్టార్ పెరిగితే రెస్టారెంటు ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని తేలింది. అంతకన్నా ముఖ్యమైన మాట, ఆ ప్రభావం పడేది సొంతంగా నడిపే హోటళ్ళ మీద, పేరున్న చైన్ల మీద కాదు. చైన్ పిజ్జా కొట్టు గురించి మీరేం రాసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అద్దె, కరెంటు, ఇద్దరు పనివాళ్ళ జీతాలు ఆ రోజు గల్లాపెట్టెలోంచే తీయాల్సిన కొట్టుకు మాత్రం మన ఒక్క స్టార్ పొట్ట మీద కొట్టినట్టే.

పార్సిల్ మీద వచ్చే ఫిర్యాదులు వేరే రకం, వాటిలో సగం న్యాయం ఉంది. పటమటలో కట్టిన పార్సిల్ సాయంత్రం ట్రాఫిక్‌లో భవానీపురం చేరేసరికి పిటా మెత్తబడుతుంది, ఫ్రైస్ వాడిపోతాయి, ఆవిరి బయటికి పోయే దారి లేని ఫాయిల్‌లో ఏ రొట్టైనా అంతే. నేనొకసారి దగ్గరుండి చూశాను. ఆ అబ్బాయి రొట్టెకు రెండువైపులా నూనె రాసి పెనం మీద వేసి, మచ్చలు పడ్డాక తీసి, మాంసం మీద ఉల్లిపాయ, టమాటా పెట్టి కాగితంలో చుట్టాడు, జజీకీ మాత్రం చిన్న డబ్బాలో విడిగా పెట్టి మూత మీద గట్టిగా నొక్కాడు. ఎందుకు విడిగా అంటే, "లోపల వేస్తే ఇంటికెళ్ళేసరికి ముద్దైపోద్దండీ" అన్నాడు. ఆ విడి డబ్బాకు కూడా ఒకరు రెండు స్టార్లే ఇచ్చారు, సాస్ వేయడం మర్చిపోయారట. డెలివరీ ఆలస్యాన్ని వంట ఖాతాలో రాయకండి. అయితే కొట్టువాళ్ళూ ఒకటి చేయొచ్చు, అంత దూరం ఆర్డర్లు తీసుకోవడం మానేయొచ్చు, కనీసం ఫ్రైస్‌ను దూరం పార్సిల్స్‌లో విడిగా కట్టొచ్చు.

ఇప్పుడు ఎవరూ రాయని వాటికి వస్తాను, నా బాధంతా వీటి గురించే. మెనూ బోర్డు మీద ఫెటా అని ఉంది. సలాడ్ మీద వస్తున్నది ఉప్పు పట్టించిన పనీర్. ఫెటా అంటే గొర్రెపాలతో, కలిపితే 30 శాతం దాకా మేకపాలతో చేసేది. యూరోపియన్ యూనియన్‌లో 2002 నుంచి ఆ పేరు గ్రీసులో తయారైన దానికే చెందుతుంది. ఇక్కడ అది దొరకడం కష్టం, దొరికినా ఖరీదు, పనీర్ వాడటాన్ని నేను తప్పుపట్టను. బోర్డు మీద పనీర్ అని రాయకపోవడం తప్పు. డబ్బులు ఫెటాకి తీసుకుంటున్నారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నేను అడిగితే ఒప్పుకున్నారు, బోర్డు మాత్రం ఇంకా మార్చలేదు.

రెండోది, రద్దీ లేని వేళల్లో చువ్వ మీద నుంచి ముందే కోసి ట్రేలో పోగేసి ఉంచుతున్నారు. ఆర్డర్ వస్తే అందులోంచే తీసి పెట్టేస్తున్నారు. వండిన మాంసం 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. కోసినది వెంటనే వాడాలి, లేదా పెనం మీద మళ్ళీ పొగలొచ్చేదాకా వేడి చేసి ఇవ్వాలి. సాస్ డబ్బా ఎక్కడుంది, కత్తి పెట్టే చెక్క ఎలా ఉంది, పచ్చి మాంసం ముట్టిన చేత్తోనే రొట్టె తీస్తున్నారా అన్నది కౌంటర్ ముందు నిలబడ్డ ప్రతివాళ్ళకూ కనపడుతుంది. అన్ని అభిప్రాయాలు చదివితే గోడ రంగు గురించి ఉంది, పాటల సౌండ్ గురించి ఉంది, ఫొటోకి లైటింగ్ సరిపోలేదని కూడా ఉంది. దీని గురించి ఒక్క వాక్యం లేదు!

మూడోది వెజ్, దీని గురించి మాత్రం రాసినవాళ్ళున్నారు. "వెజ్‌లో ఏమీ లేదు" అన్న ఫిర్యాదు నూటికి నూరుపాళ్ళు నిజం. కార్తీక మాసంలో బెజవాడలో సగం ఇళ్ళలో మాంసం మానేస్తారని తెలిసి కూడా ఈ కొట్లో వెజ్ అంటే ఫ్రైస్ చుట్టిన రొట్టె ఒక్కటే. గ్రీకు వంటలో వెజ్‌కి కరువా? ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈస్టర్ ముందు ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు, కాబట్టి అలాంటి వంటలు వాళ్ళకు తరతరాలుగా ఉన్నాయి. పసుపు బఠాణీ పప్పు మెత్తగా ఉడికించి ఉల్లిపాయ, నిమ్మరసం, ఆలివ్ నూనెతో వడ్డించే ఫావా ఉంది, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన డోల్మాలు ఉన్నాయి. ఉపవాసం సంగతి పక్కన పెడితే పాలకూర, చీజ్ పెట్టిన పొరల స్పనకోపిటా ఉంది. ఫావా చేయడానికి కావలసినవన్నీ మన కిరాణా కొట్లోనే దొరుకుతాయి. ఇలాంటిది అడిగి రాస్తే వాళ్ళకూ పనికొస్తుంది, మనకూ ఒక ప్లేటు దొరుకుతుంది.

పొగడ్తల సంగతి కూడా చెప్పాలి. వాట్సాప్ గ్రూపుల్లో "మా బావమరిది కొట్టు, అందరూ ఫైవ్ స్టార్ కొట్టండి" అని వచ్చే మెసేజ్‌లు మనకు కొత్త కాదు, న్యూజెర్సీలో కూర్చుని గుంటూరు బ్రాడీపేట టిఫిన్ సెంటర్‌కు ఐదు స్టార్లు ఇచ్చినవాళ్ళు నాకు తెలుసు. ప్రేమతోనే చేస్తాం, అయినా అది అబద్ధమే. భారత ప్రభుత్వం 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 పేరుతో ఆన్‌లైన్ రివ్యూలకు ఒక ప్రమాణం తెచ్చింది, రాసింది నిజమైన మనిషేనా అని సరిచూడాలని, డబ్బిచ్చి రాయించుకున్నవి వేయకూడదని. దాన్ని అప్పట్లో స్వచ్ఛందంగానే ఉంచారు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది, తెలిసి నకిలీ రివ్యూలు కొన్నా అమ్మినా జరిమానా పడుతుంది. చట్టం దాకా వెళ్ళనక్కర్లేదు, తినని తిండికి స్టార్ ఇవ్వడం ఆపేస్తే చాలు.

డిసెంబర్ సెలవులకు మీలో చాలామంది వస్తారు, పిల్లలు గైరో అడుగుతారు, ఈ కొట్టుకో ఇలాంటి ఇంకో కొట్టుకో వెళ్తారు. వెళ్ళాక రాయండి, తప్పకుండా రాయండి. ఏం తిన్నారో, అక్కడే నిలబడి తిన్నారా పార్సిల్ తెప్పించుకున్నారా, మాంసం చువ్వ మీద నుంచి అప్పుడే కోశారా ట్రేలోంచి తీశారా, సాస్ ఎక్కడ పెట్టారు, ఎంత తీసుకున్నారు. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, నా నాలుకకు పడలేదు అని రాస్తే చదివేవాడికి మీ నాలుక సంగతి అర్థమవుతుంది, కొట్టు పరువు పోదు. తెలుగులో రాస్తే ఇంకా మంచిది, ఆ అబ్బాయి అమ్మగారు కూడా వంటలో సాయం చేస్తారు, ఆవిడ చదువుకుంటారు. సాయంత్రం ఏడున్నర దాటాక వెళ్ళండి, అప్పుడు రద్దీ ఉంటుంది కాబట్టి మాంసం ఎప్పటికప్పుడు కోస్తుంటారు, ట్రేలో నిలవ ఉండదు. బోర్డు మీద ఇంకా ఫెటా అనే ఉంటే మీరు కూడా అడగండి.