మైక్రోఆర్‌ఎన్‌ఏ ఆన్-ఆఫ్ స్విచ్ కాదు

ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి సూచనలు మోసుకొచ్చేది ఎంఆర్‌ఎన్‌ఏ. దాన్ని పట్టుకుని ఆ తయారీని తగ్గించే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ. దాన్ని కనుగొన్నందుకు 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు వైద్య నోబెల్ వచ్చినప్పటి నుంచి ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒక్కో ప్రొటీన్ తయారీని పూర్తిగా ఆపేస్తుంది, ఎంఆర్‌ఎన్‌ఏ జోలికి మాత్రం పోదు. కాబట్టి సరైన మైక్రోఆర్‌ఎన్‌ఏను ఎక్కిస్తే చాలు, మూలకణం (ఇంకా ప్రత్యేక రూపం తీసుకోని కణం) మనం కోరిన కణంగా మారిపోతుంది. జబ్బుపడ్డ పిల్లల తల్లిదండ్రులు కూడా దీన్ని ఆశగా పంచుకుంటున్నారు. అందుకే చూసీ చూడనట్టు వదిలేయలేకపోయాను.

"ఒక్కోదానికి ఒక్కో ప్రొటీన్" అన్న మాట మొదటే తప్పు. మైక్రోఆర్‌ఎన్‌ఏ పొడవు దాదాపు 22 అక్షరాలు (ఏ, యూ, జీ, సీ అనే రసాయన భాగాలు). వాటిలో రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా ఉన్న ఏడే ప్రధానంగా లక్ష్యాన్ని పట్టుకుంటాయి. లెట్-7 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏలో ఆ ఏడు అక్షరాలు జీ-ఏ-జీ-జీ-యూ-ఏ-జీ. ప్రొటీన్ సమాచారం ముగిశాక ఎంఆర్‌ఎన్‌ఏకు ఇంకా కొంత తోక ఉంటుంది. ఆ తోకలో ఈ ఏడు అక్షరాలకు జతపడే సీ-యూ-ఏ-సీ-సీ-యూ-సీ అనే వరుస ఎక్కడ ఉన్నా లెట్-7 అక్కడ అతుక్కోగలదు. ఇంత చిన్న వరుస ఒక్క జన్యువుకే పరిమితమవడం అసాధ్యం. వందల ఎంఆర్‌ఎన్‌ఏల్లో కనిపిస్తుంది.

"పూర్తిగా ఆపేస్తుంది" అన్నది ఇంకా పెద్ద పొరపాటు. 2008లో డేవిడ్ బార్టెల్ బృందం, నికోలస్ రాజెవ్‌స్కీ బృందం విడివిడిగా వేల ప్రొటీన్ల మోతాదును ఒకేసారి కొలిచాయి. ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏతో వందల ప్రొటీన్లు తగ్గిన మాట నిజమే, కానీ వాటిలో చాలావరకు సగానికి కూడా పడిపోలేదు. పైగా, ఆగేది కొత్త తయారీ. అప్పటికే కణంలో ఉన్న ప్రొటీన్ విచ్ఛిన్నమయ్యేదాకా తన పని తాను చేస్తూనే ఉంటుంది.

మరి ఇంత కొద్దిపాటి తగ్గుదలతో మూలకణం దారి ఎలా మారుతుంది? నన్ను కట్టిపడేసేది ఇక్కడే. మూలకణంలో లిన్28 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండి, లెట్-7 పూర్తి రూపం పొందకుండా అడ్డుకుంటుంది. పరిణతి, అంటే ప్రత్యేక కణంగా మారడం, మొదలయ్యాక లిన్28 కాస్త తగ్గితే లెట్-7 కాస్త పెరుగుతుంది. పెరిగిన లెట్-7 మళ్లీ లిన్28 ఎంఆర్‌ఎన్‌ఏ మీదే పడుతుంది. లిన్28 ఇంకా తగ్గుతుంది, లెట్-7 ఇంకా పెరుగుతుంది. ఒక్కో అడుగు చిన్నదే అయినా, ఒకదాన్నొకటి అణచుకునే ఈ వలయం వల్ల చివరికి కణం ఒక వైపుకు ఒరిగిపోతుంది. ఆన్-ఆఫ్‌లా కనిపించే గుణం ఈ అల్లికది. దాన్ని ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏకు కట్టబెట్టడం అన్యాయం.

"ఎంఆర్‌ఎన్‌ఏ జోలికి పోదు" అన్నది పాత అభిప్రాయం. క్షీరద కణాల్లో ప్రొటీన్ తగ్గుదలలో కనీసం 84 శాతం ఎంఆర్‌ఎన్‌ఏ తగ్గిపోవడం వల్లేనని బార్టెల్ బృందమే 2010లో చూపించింది.

ఇక "ఎక్కిస్తే కోరిన కణం" సంగతి. డీజీసీఆర్8 అనే ప్రొటీన్ లేకపోతే మైక్రోఆర్‌ఎన్‌ఏలు దాదాపుగా తయారే కావు. అది లేని ఎలుక పిండ మూలకణాలను పరిణతి వైపు నెట్టినా, మూలకణ లక్షణాలను పూర్తిగా వదులుకోలేవు. మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది. 2010లో రాబర్ట్ బ్లెలాక్ బృందం ఆ కణాల్లోకి లెట్-7ను పంపితే ఆ లక్షణాలు అణిగాయి. అదే లెట్-7ను మామూలు మూలకణాల్లోకి పంపితే అలా జరగలేదు! వాటిలో సహజంగానే ఉండే మరో మైక్రోఆర్‌ఎన్‌ఏ కుటుంబం దానికి ఎదురు నిలిచింది. అణువు అదే అయినా, కణంలో అప్పటికే ఏమున్నాయన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయింది. 2011లో మిర్-9/9*, మిర్-124 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏలతో మనిషి చర్మ కణాలను నాడీకణాలుగా మార్చిన మాట వాస్తవమే, కానీ ఆ మార్పు బాగా జరగడానికి న్యూరోడ్2 వంటి ప్రొటీన్ల తోడు కావాల్సి వచ్చింది.

పోస్టులో రుజువుగా చూపిన మందు పాటిసిరాన్. 2018లో దానికి అనుమతి వచ్చింది, ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్‌ను సుమారు 80 శాతం తగ్గిస్తుంది కూడా. కానీ అది మైక్రోఆర్‌ఎన్‌ఏ కాదు, ఎస్ఐఆర్‌ఎన్‌ఏ అనే మరో రకం చిన్న ఆర్‌ఎన్‌ఏ. ఒకే ఎంఆర్‌ఎన్‌ఏకు పొడవునా సరిపోయేలా తయారుచేసినది కాబట్టే దాన్ని నేరుగా కోయిస్తుంది. అది పనిచేసేది కాలేయ కణాల్లో, మూలకణాల పరిణతితో దానికి ఏ సంబంధమూ లేదు.