మన్రో అనే ఇంటిపేరు మీద నా గోడు

స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్‌కొచ్చి మూడేళ్లవుతోంది. మా ఆసుపత్రి వార్డులో నాతో డ్యూటీ చేసే ఒకావిడ బ్యాడ్జి మీద మన్రో అని ఉంటుంది. మొదటిరోజు అది చూసి అక్కడే నిలబడిపోయాను. మాది పత్తికొండ దగ్గర పల్లె. మా అవ్వ నోట "మన్రో దొర, మన్రో దొర" అని వింటూ పెరిగాను. నా లెక్కలో మన్రో అంటే ఒకే ఒక్క మనిషి, ఈస్టిండియా కంపెనీ కాలంలో మా సీమకి కలెక్టరైన తెల్లదొర. అదొక ఇంటిపేరనీ, ఆ ఇంటిపేరున్నవాళ్లు మనలాగే టిఫిన్ డబ్బా కట్టుకుని పనికొస్తారనీ ఎప్పుడూ తట్టలేదు.

అప్పట్నించీ ఆ పేరు ఎక్కడ కనబడినా ఆగి చదువుతున్నాను. చదివేకొద్దీ కోపం పెరుగుతోంది. పోయిన వారం ఇక్కడొక బజారులో, టూరిస్టులకు సామాన్లమ్మే కొట్లో, ఇంటిపేర్ల అట్టలు వరసగా పెట్టారు. మన్రో అట్ట తీశాను. పైన గద్ద బొమ్మ, కింద "దైవానికి భయపడు" అన్న మాట, "రో నది మనిషి" అని అర్థం, చివర అమెరికా ప్రెసిడెంటు జేమ్స్ మన్రో, సినిమా నటి మార్లిన్ మన్రో. ఐపోయింది. తొమ్మిది వందల ఏళ్ల మనుషుల బతుకు అరచేతి అట్టలో ఐపోయింది!

సరే, ముందు ఆ అర్థం సంగతి. ఇక్కడి పాత భాష గేలిక్‌లో మన్రోలను రోహఖ్ అంటారు. ఐర్లండ్‌లో డెర్రీ దగ్గర రో అనే నది ఉంది. పూర్వీకులు దాని ఒడ్డు నుంచి వచ్చారనీ, "బున్ రో", అంటే రో నది ముఖద్వారం, అన్న మాటే నోళ్లలో మన్రో అయిందనీ ఆ వంశంలో తరతరాలుగా చెప్పుకునే మాట. మన కొండవీటివాళ్లూ పల్నాటివాళ్లూ ఊరొదిలినా ఊరిపేరు వదలనట్టే. కానీ ఇది వాళ్లు చెప్పుకునే కథ, కాగితం మీదున్న సాక్ష్యం కాదు. ఆ ముక్క అట్ట మీద ఎందుకుండదు? కథను కథ అని చెబితే దాని విలువేం తగ్గదు కదా.

నాకైతే ఆ నది కథకన్నా మంచుముద్ద కథ ఎక్కువ ఇష్టం. ఇన్వర్నెస్‌కి ఉత్తరాన క్రోమార్టీ సముద్రపాయ ఒడ్డున మన్రో పెద్దల ఫౌల్స్ కోట ఉంది. ఆ భూములకు రాజుకి కట్టాల్సిన శిస్తు ఏమిటంటే, నడివేసవిలో అడిగినా సరే ఒక మంచుముద్ద తెచ్చివ్వడమట! వెనకాలే బెన్ వివిస్ కొండ. దాని నీడపట్టు గోతుల్లో ఎండాకాలంలోనూ మంచు మిగిలేదట. శిస్తు అనగానే గుండె దడదడలాడే సీమ నుంచి వచ్చినదాన్ని, ఈ కథ విన్నరోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక గద్ద బొమ్మ. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. స్కాట్లండ్ చట్టం ప్రకారం ఆ చిహ్నాలు ఇంటిపేరువి కావు, ఫలానా మనిషివి. వాటి లెక్కలు చూడ్డానికి లార్డ్ లయన్ కోర్టు అని ప్రత్యేకంగా కోర్టే ఉంది. గద్ద వంశపెద్దది. మిగతావాళ్లు పెట్టుకోవాలంటే దాని చుట్టూ బెల్టు, బకిల్ బొమ్మ ఉండాలి, అంటే "నేను ఆయన మనిషిని" అని. "ఇది మీ కుటుంబ చిహ్నం" అని ఫ్రేము కట్టి అమ్మడం శుద్ధ అబద్ధం.

అంతకన్నా పెద్ద అబద్ధం రక్తం సంగతి. మనలో ఇంటిపేరొకటే అయితే అన్నదమ్ముల వరస అంటాం, పెళ్లి మాటే ఎత్తం. ఆ అలవాటుతో మన్రోలందరూ ఒక్క తాత పిల్లలనుకుంటే పొరపాటు. స్కాట్లండ్ ఉత్తరపు కొండసీమ హైలాండ్స్‌లో వంశపెద్ద నీడన బతికే కౌలుదార్లు, ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు ఆ పెద్ద పేరే పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టుకుంటే అండ దొరికేది, పెద్ద పిలిచినప్పుడు కత్తి పట్టుకుని వెళ్లాల్సీ వచ్చేది. ఫౌల్స్ కోట ఉన్న రాస్‌షైర్‌లో ఇన్ని మన్రో ఇళ్లున్నాయంటే అందులో కౌలు ఉంది, భయం ఉంది, తిండి ఉంది. ఒట్టి రక్తమే కాదు.

ఆ పేరు సముద్రం దాటింది కూడా సుఖంగా కాదు. 1651లో ఇంగ్లండ్‌లోని వూస్టర్ యుద్ధంలో ఓడి పట్టుబడ్డ స్కాట్ సైనికులను అమెరికాలోని మసాచుసెట్స్ తీసుకెళ్లి ఇన్నేళ్ల చాకిరీ అని అమ్మేశారు. అందులో విలియం మన్రో ఒకడు. ఆయన సంతతివాళ్లే 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్ పచ్చికలో తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది అక్కడే. రాబర్ట్ మన్రో అక్కడే కూలిపోయాడు. అట్ట మీద ప్రెసిడెంటుకి చోటుంది, అమ్ముడుపోయిన బందీకి లేదు.

అన్నట్టు మార్లిన్‌కి అది తల్లి పుట్టింటి పేరు. నోబెల్ వచ్చిన రచయిత్రి ఆలిస్ మన్రోకి అది అత్తింటి పేరు.

మెడిసిన్ చదివినవాళ్లకి ఫొరామెన్ ఆఫ్ మన్రో గుర్తుండే ఉంటుంది, మెదడులోని ఆ సన్నని దారి. ఎడింబరోలో తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ అలెగ్జాండర్ మన్రోలే, 1720 నుంచి 1846 దాకా అనాటమీ ప్రొఫెసర్లు. ఆ దారికి పేరొచ్చింది రెండో ఆయన వల్ల. ఇక్కడి కుర్రాళ్లనడిగితే మాత్రం మన్రో అంటే కొండ. 3,000 అడుగులు దాటిన స్కాట్లండ్ కొండల పట్టీని 1891లో సర్ హ్యూ మన్రో అచ్చువేయించాడు. ఇప్పుడా పట్టీలో 282 కొండలున్నాయి. మంచుముద్ద బెన్ వివిస్ కూడా ఒక మన్రోనే. అన్నీ ఎక్కకుండానే ఆయన పోయాడు పాపం.

నేను ఎక్కింది మాత్రం పట్టీలో లేని ఒక గుట్ట, ఆల్నెస్ ఊరి దగ్గర ఫైరిష్. పైన్ చెట్ల మధ్య గంట నడక. పైకెళ్లేసరికి గాలికి ఒళ్లు ఊగిపోతోంది, ఎదురుగా నల్లబడిన రాతి కమానులు. అది మన నాగపట్నం కోట గుమ్మానికి నకలు! 1781లో డచ్చివాళ్ల దగ్గర నాగపట్నం లాక్కున్న కంపెనీ సేనాని హెక్టర్ మన్రో సొంతూరికొచ్చి కట్టించాడు. కరువుతో ఉన్న జనానికి పని కల్పించాలని కట్టించాడంటారు. కూలి రోజులు పెంచడానికి రాళ్లను తనే మళ్లీ కిందికి దొర్లించేవాడని కూడా చెప్పుకుంటారు. ఆ రాతి మీద చెయ్యి పెట్టాను. మంచులా ఉంది, నాచు పట్టి ఉంది. మోసినవాళ్ల పేరు ఒక్కటీ అక్కడ లేదు. వాళ్లలోనూ ఎంతమంది మన్రోలో!

ఇప్పుడు మా దొర. థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. 1800లో నిజాం మన జిల్లాల్ని కంపెనీకి రాసిచ్చాక ఏడేళ్లు కలెక్టరు. రైత్వారీ, అంటే మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే లెక్క. వెళ్లేముందు శిస్తు నాలుగో వంతు తగ్గించమని రాశాడు, పైవాళ్లు ఒప్పుకోలేదు. ఆయన దేవుడేం కాదు. కంపెనీ మనిషి, కంపెనీకి రాబడి రాబట్టిన మనిషి. కానీ గుడారమేసుకుని ఊరూరూ తిరిగి రైతు చెప్పింది విన్నాడు. అదొక్కటి మావాళ్లు మరవలేదు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన పేరిట తవ్వించిన బావి అక్కడుంది.

మా అవ్వ పుట్టింటివాళ్ల వీధిలో ఒక మన్రోలప్ప ఉండేవాడు. థామసప్ప కాదు, మన్రోలప్ప! గేలిక్ మాట్లాడే ఉత్తరాది ఇంటిపేరు, ఎద్దులు తోలుకునే మా రైతు ఇంట్లో బిడ్డ పేరయింది, వెనక అప్ప చేరింది, ఉయ్యాల్లో వేసి పిలిచారు. ఒక ఇంటిపేరుకి ఇంతకన్నా పెద్ద గౌరవం ఎక్కడైనా దక్కిందా? ఈ దేశంలో అచ్చువేసే ఏ అట్ట మీదా ఆ మాట లేదు. నా బాధంతా అదే.

ఆ బ్యాడ్జి ఆవిడకి ఇదంతా టీ తాగుతూ చెప్పాను. కప్పు పక్కన పెట్టేసి "ఆ పేరు మళ్లీ చెప్పు" అంది. చెప్పాను. మన్-రో-లప్-ప అని నాలుగుసార్లు పలికి, కాగితం మీద తెలుగులో రాయించుకుని బ్యాడ్జి వెనక పెట్టుకుంది.

కర్నూలు, అనంతపురం, కడప, బళ్లారి వైపువాళ్లకు ఒక్క మాట. మీ ఊళ్లో, మీ ఇంట్లో మన్రోలప్ప అన్న పేరుంటే, పాత స్కూలు రిజిస్టర్లోనో పట్టా పుస్తకంలోనో కనబడితే, ఊరు, సుమారు సంవత్సరం నాకు రాసి పంపండి. పెద్దవాళ్లున్నప్పుడే అడగండి. మా అవ్వని అడగడానికి నాకిప్పుడు వీల్లేదు.