డమ్మీ ప్లగ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ గారి దివ్య సముఖానికి, హనుమకొండ నుంచి మీ యజమానినని చెప్పుకునేవాడు రాయునది. ఉభయకుశలోపరి.

మీరు బొటనవేలంత ఉంటారు. తెర లేదు, వెలుగు లేదు, వెనక తీగ కూడా లేదు. అయినా మిమ్మల్ని కంప్యూటర్ వెనక మానిటర్ సాకెట్‌లో తగిలించగానే, తెర మీది బొమ్మలు గీసే నా గ్రాఫిక్స్ కార్డు 4కే మానిటర్ వచ్చిందని సంబరపడింది. ఎన్నికల్లో డమ్మీ అభ్యర్థి నామినేషన్ వేసి, ఉపసంహరణ రోజున మర్యాదగా తప్పుకుంటాడు. మీరు గెలిచి సీట్లో కూర్చున్నారు.

మేనకోడలు ఆన్‌లైన్ పాఠాలకని నా మానిటర్ పట్టుకెళ్లినప్పుడు పోనీలే అనుకున్నాను. ఆ కంప్యూటర్ చేసేదల్లా గ్రాఫిక్స్ కార్డు చేత ప్రోటీన్ల మడతలు లెక్కగట్టించి ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే జబ్బుల పరిశోధనకు పంపడం. 2000లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన పథకం అది. 2020లో కోవిడ్ రాగానే జనం తమ ఇళ్లలోని యంత్రాలను అప్పగిస్తే ఎక్సాఫ్లాప్ దాటింది, అంటే సెకనుకు ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని లెక్కలు. అందులో తెర మీద చూపించాల్సింది ఒక్క చుక్క కూడా లేదు.

నర్సంపేటలో నాన్న దగ్గర కూర్చుని ఫోనులోంచి కంప్యూటర్‌ను తెరిస్తే అంతా చీకటి. పని నడుస్తోందో ఆగిందో తెలియదు. బస్సెక్కి వచ్చి, పక్కింటివాళ్ల టీవీ అరువు తెచ్చి తగిలించాను. అన్నీ కనిపించాయి. తీసేశాను, మళ్లీ చీకటి. చూసే తెర లేనప్పుడు బొమ్మ గీయడం దేనికని కంప్యూటర్ మానేసిందట. ఆఫీసర్ లేని రోజు ఆఫీసులా.

దుకాణంలో మీ పేరు చెబితే అతను నా వైపు జాలిగా చూశాడు. "డమ్మీ ఎందుకు సార్, పనిచేసేదే ఇస్తాను" అన్నాడు.

మీ లోపల ఉన్నది చిన్న మెమరీ చిప్పు. కార్డు "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. మీరు ఈడీఐడీ అనే చీటీ చూపిస్తారు: తయారీదారు పేరు, పరిమాణం, ఎన్ని చుక్కలు చూపగలరో. అసలు చీటీ 128 బైట్లు. కార్డు వెంటనే నమ్మేస్తుంది. ఒక ధ్రువపత్రం కోసం నేను ఆరుసార్లు తిరిగాను, ప్లగ్ గారూ.

మీ పూర్వీకులకు ఆ చిప్పు కూడా లేదు. విండోస్ విస్టా, 7 రోజుల్లో చాలా కార్డులు తెర తగిలిస్తే తప్ప లెక్కల పనికి వచ్చేవి కావు. జనం వీజీఏ అనే పాతకాలపు మానిటర్ సాకెట్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నులకు ఒక్కో 75 ఓమ్‌ల రెసిస్టర్ గుచ్చి పని జరిపించుకునేవారు. ఆ చిల్లర సరుకే మానిటర్‌గా చెలామణి అయింది.

అన్ని కార్డులకూ ఈ పిచ్చి లేదు. ఎన్విడియా కంపెనీ 2007లో లెక్కల కోసమే తెచ్చిన టెస్లా సి870 కార్డుకు తెర తగిలించే సాకెట్టే పెట్టలేదు. విండోస్ బదులు లినక్స్ వాడితే మీ అవసరమే ఉండదని చెప్పే మిత్రుడు కూడా నాకొకడున్నాడు. అతనితో మాటలు తగ్గించాను.

ఖిలా వరంగల్‌లో గుడి కూలినా తోరణాలు నిలిచాయని మీరు గొప్పకు పోవద్దు. అక్కడ ఒకప్పుడు గుడి ఉండేది. మీకు దగ్గరి చుట్టం నాన్న మొక్కజొన్న చేలోని బెదురుబొమ్మ: కర్రకు పాత చొక్కా, పైన కుండ. దాని గుట్టు కనిపెట్టడానికి పిట్టలకు వారం పట్టింది. ముప్పై వేలు పోసి కొన్న నా కార్డుకు మీ గుట్టు ఇంకా తెలియలేదు.

అన్నట్టు, మేనకోడలు మానిటర్ తిరిగి తెచ్చింది. సాకెట్‌లో మీరున్నారు కనుక దాన్ని మంచం కింద పెట్టాను. మొన్న అమ్మ దాని మీద వడియాల పళ్లెం ఉంచింది.

ఇట్లు,
తమరి విధేయుడు