అడగని పుస్తకం చేతికివ్వడం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల గానీ, విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ పుస్తకాల కొట్టు అంటే ముందుగా కనిపించేవి డీఎస్సీ గైడ్లు, గ్రూప్స్ మెటీరియల్, నోటు పుస్తకాలు, పంచాంగాలు. కథలూ కవిత్వమూ ఉంటే గింటే లోపలి అరలో ఉంటాయి. అద్దె కట్టాలన్నా కరెంటు బిల్లు కట్టాలన్నా గైడ్లు అమ్మక తప్పదు కనుక ఇందులో తప్పుపట్టాల్సింది లేదు. చూడాల్సింది ఆ లోపలి అరనే. అక్కడ ఎవరి పుస్తకాలున్నాయి, వాటిని పాఠకుడికి ఎవరు చూపిస్తున్నారు అన్నది ఈ రెండు జిల్లాల సాహిత్య జీవితానికి చిన్న విషయం కాదు.

అమెరికాలో స్వతంత్ర పుస్తక విక్రేతలు తాము చదివి మెచ్చిన కొత్త పుస్తకాలతో నెలనెలా 'ఇండీ నెక్స్ట్' అనే జాబితా వేస్తారు. నల్లజాతి, వలస, ఆదివాసీ రచయితలను పాఠకులకు పరిచయం చేయడం తమ వృత్తిలో భాగమని అక్కడి విక్రేతలు చాలామంది బాహాటంగానే చెబుతారు. మన జిల్లా పట్టణాల్లో ఆ బాధ్యతంతా కౌంటరు వెనక కూర్చున్న ఒక్క మనిషి మీద పడుతుంది. ఆయన నోటిమాటే ఇక్కడి జాబితా.

ఆ మాటకు ఇంత విలువ ఎందుకంటే, తెలుగులో దళిత, ఆదివాసీ, ముస్లిం, బహుజన రచయితల పుస్తకాలు చాలావరకు రచయిత సొంత డబ్బుతోనో, స్నేహితుల సాయంతోనో, చిన్న ప్రచురణ సంస్థల పూనికతోనో వెలువడేవే. 1993లో స్త్రీవాద కవిత్వ సంకలనం 'నీలిమేఘాలు', 1995లో దళిత కవిత్వ సంకలనం 'చిక్కనవుతున్న పాట', 1998లో ముస్లింవాద కవిత్వ సంకలనం 'జల్జలా' తెలుగు కవిత్వం నడకనే మార్చాయి, కానీ వాటి వెనక ఉన్నది పెద్ద వ్యాపార సంస్థల బలం కాదు, సంపాదకుల పట్టుదల. ఇప్పటికీ ఐదు వందల కాపీలు వేయించుకున్న రచయిత వాటిలో పదింటిని సంచిలో పెట్టుకుని కొట్టుకు వస్తాడు. యజమాని నోటు పుస్తకంలో పేరు, కాపీల సంఖ్య రాసుకుని 'అమ్ముడుపోతే లెక్క చూద్దాం మాస్టారూ' అంటాడు. ఆరు నెలల తర్వాత రచయిత మళ్లీ వచ్చేసరికి ఆ పది కాపీలూ కట్ట విప్పకుండా ఉన్నాయా, లేక యజమాని అందులో ఒకటి తీసి చదివాడా అన్నదాన్ని బట్టే ఆ పుస్తకం గతి తేలుతుంది.

దళిత సాహిత్యానికి వేరే అర పెట్టడం, ఏప్రిల్ 14న బల్ల వేసి అంబేడ్కర్ పుస్తకాలు పరచడం, ప్రపంచ ఆదివాసీ దినోత్సవమైన ఆగస్టు 9న ఆదివాసీ రచనలను ముందుకు తేవడం మంచి పనులే. కావాలని వెతుక్కుంటూ వచ్చేవారికి అవి దారి చూపిస్తాయి. అయితే వెతుక్కోని పాఠకుడు ఆ అరను చూసి 'ఇది మనకు కాదులే' అనుకుని పక్కకు జరిగిపోవడం కూడా అంతే సులువు. అందుకే అర వేరుగా ఉన్నా సిఫారసు వేరుగా ఉండకూడదని నా అభిప్రాయం. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) కథలు అడిగిన రిటైర్డు ఉపాధ్యాయుడికి మల్లిపురం జగదీశ్ కథల సంపుటి 'శిలకోల' కూడా తీసి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు 'ఆదివాసీ రచయితండీ, ప్రోత్సహించాలి' అంటే పని చెడుతుంది. ఆ మాటతో పుస్తకం చందా రసీదులా మారిపోతుంది. రచయిత ఎవరన్నది దాచనక్కర్లేదు, కానీ ఆ కథల్లో ఏముందన్నది ముందు చెప్పాలి. అలా చెప్పాలంటే అమ్మేవాడు చదివి ఉండాలి. ఇక్కడే చాలా కొట్లు ఆగిపోతాయి.

మన ప్రాంతపు అభిమానంలోనూ ఒక చిక్కుంది. ఉత్తరాంధ్ర యాసను సినిమాలు వెక్కిరింతకు వాడుకున్నాయని నొచ్చుకుంటాం, అది న్యాయమైన బాధే. గురజాడ, చాసో (చాగంటి సోమయాజులు), కారా మావాళ్లని చెప్పుకుంటాం, అదీ న్యాయమే. 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథకు ఎంత మేలు చేసిందో చెప్పనక్కర్లేదు. కానీ గ్రంథాలయం భద్రపరుస్తుంది, కొట్టు కొనిపిస్తుంది. రెండూ వేర్వేరు పనులు. మూడు నాలుగు పెద్ద పేర్ల దగ్గరే మన సిఫారసు ఆగిపోతే, విజయవాడ, హైదరాబాదుల అంచున మనల్ని నిలబెట్టారని ఫిర్యాదు చేసే మనమే మన అంచున మరొకరిని నిలబెట్టినట్టవుతుంది.

ఆ మరొకరు దూరంగా ఏమీ లేరు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల నుంచి సవర, జాతాపు తెగల పిల్లలు చదువుల కోసం ఈ పట్టణాలకు వస్తారు. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019 నుంచి విజయనగరం జిల్లాలోనే నడుస్తోంది. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో. ఇంత నేపథ్యం ఉన్న చోట, పోటీ పరీక్షల పుస్తకం కొనడానికి వచ్చిన సవర కుర్రాడికి తన కొండల కథ అచ్చులో ఉందని చెప్పేవాడు లేకపోవడం కొట్టు యజమాని ఒక్కడి లోపం కాదు గానీ, ముందుగా సరిదిద్దగలిగింది మాత్రం ఆయనే.

అందుకు ఆయనకు గిట్టుబాటు కావాలి. 2024 డిసెంబరులో పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ ఎత్తివేయడంతో చిన్న ప్రచురణకర్తల నుంచి పుస్తకాలు తెప్పించుకోవడం భారమైంది. 2025 మేలో పుస్తకాల కోసమే అదే శాఖ తెచ్చిన జ్ఞాన్ పోస్టు సేవ కొంత ఊరటనిచ్చింది. అంతకన్నా ముఖ్యమైనది గ్రంథాలయ పన్ను. ఇంటిపన్నుతో పాటు మనందరం కడుతున్న ఆ సొమ్ముతో జిల్లా గ్రంథాలయ సంస్థలు పుస్తకాలు కొంటాయి. ఆ కొనుగోళ్లలో కొంత భాగమైనా జిల్లాలోని కొట్ల ద్వారా, వాళ్లు చదివి సూచించిన పుస్తకాల నుంచి జరిగేలా నిబంధన పెడితే, లోపలి అరలో పది కాపీలు పెట్టుకోవడం ఆ యజమానికి దానధర్మంలా కాక వ్యాపారంలాగే ఉంటుంది.