ఎంటర్‌ప్రైజ్ ఎడమవైపు సంగతేమిటి?

‘స్టార్ ట్రెక్’ తొలి టీవీ ధారావాహికలోని ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌకను కంప్యూటర్‌లో త్రీడీ నమూనాగా మలచేవారు అసలు వస్తువును కొలిచి యథాతథంగా దించితే చాలునన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. చిత్రీకరణకు వాడిన 11 అడుగుల నమూనా 1974 నుంచి అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియాల సంస్థ ఆధీనంలో ఉంది. లోపలి దీపాలకు కరెంటు తీగలు ఎడమవైపు నుంచే వెళ్లేవి కాబట్టి, కెమెరాకు చూపని ఆ పక్కను పూర్తిగా తీర్చిదిద్దనే లేదు. మరి ఉన్నదున్నట్టు దించితే సగం నౌకే కదా వచ్చేది! రంగు విషయంలో మాత్రం కొంత నయం. పళ్లెం ఆకారపు భాగం పైతలాన తొలినాటి రంగు మిగిలి ఉండడంతో, 2016లో ముగిసిన పునరుద్ధరణకు అదే ఆధారమైంది.

నౌకను నడిపే గది, అంటే బ్రిడ్జి సెట్‌తో అసలైన చిక్కు వస్తుంది. బయటి నమూనాలో లిఫ్టు గొట్టంలా కనిపించే భాగం సరిగ్గా వెనుక మధ్యన ఉండగా, సెట్‌లో లిఫ్టు తలుపు కెప్టెన్ కుర్చీ వెనుక ఒక పక్కకు ఒదిగి ఉంటుంది; రెండింటినీ కలపాలని గదిని తిప్పితే, పాపం కెప్టెన్ నౌక సాగే దిక్కుకు ఓరగా కూర్చోవలసి వస్తుంది. ఎంటర్‌ప్రైజ్ నుంచి రాకపోకలకు వాడే చిన్న నౌక గెలీలియో షటిల్‌దీ ఇదే తంతు: మనుషులు నిలబడి తిరిగే లోపలి సెట్ దాని బయటి నమూనాలో పట్టదు. ఇలాంటి చోట్ల కొలతలను గుట్టుగా సవరించడం కన్నా, ఏ భాగం ఫొటోల ఆధారంగా చేసినదో, ఏది ఊహతో పూరించినదో ఫైలులోనే రాసిపెట్టడం మేలని నా అభిప్రాయం.